ముప్ఫై ఏడో సీసా

కనుమా, 2024 సెప్టెంబర్ 14

చెల్లాయి ఫుమియేకి,

ఈ ఏడు నార రంగు బాగా తేలింది. కొట్లోకి అడుగు పెడితే గోడకి పసుపు పూసినట్టుంది. నాన్న ఉంటే ఒక పోగు తీసి వెలుగుకి పెట్టి చూసి, "పర్వాలేదు" అనేవాడు. ఆయన నోట అంతకు మించిన మెప్పు మనమెప్పుడు విన్నాం గనుక.

ఫోన్ చెయ్యమని రాశావు. నా చెవుల సంగతి నీకు తెలుసు. నేను అరుస్తాను, నువ్వు అరుస్తావు, అన్నాచెల్లెళ్ళు ఆస్తి దగ్గర కొట్టుకుంటున్నారని పక్కింటివాళ్ళు అనుకుంటారు. ఉత్తరమే నయం.

అసలు విషయానికి వస్తాను. పేపర్లో కొత్త చట్టం గురించి చదివాను. డిసెంబర్ పన్నెండు నుంచి అమలు. మన ఆసా మొక్కకి పోలీసు కాగితాల్లో పేరు గంజాయి అని మనకి పుట్టినప్పటి నుంచీ తెలుసు. గుడి తాడుకి పేనితే ఆసా, బోన్ పండుగకి చనిపోయినవాళ్ళకి దారి చూపించే మంటలో వేస్తే ఆసా, జేబులో దొరికితే గంజాయి. మా రైతులు లైసెన్సు తీసుకుని పండించేది మత్తు లేని రకం. నేను అమ్మేది నార, పుల్లలు, వేయించిన గింజలు. వీటి జోలికి ఎవరూ రారు. నీ టీ కొట్లో పెట్టి అమ్ముతున్న ఆ ఆసా నూనె చుక్కల మాటేమిటి? వాటిలో మత్తు పదార్థం చుక్క ఎక్కువున్నా నేరమేనట, దగ్గర పెట్టుకున్నా నేరమేనట. అరవై ఏడేళ్ళ వయసులో నీకు ఈ తలనొప్పి దేనికి?

నా మాట విని ఆ కొట్టు కట్టేసి ఇక్కడికి వచ్చెయ్. ఇల్లు పెద్దది, మనిషిని ఒక్కణ్ణి. షోజో బావ పోయి ఐదేళ్ళయింది, ఇంకా ఆ మంచులో ఎవరి కోసం కూర్చున్నావు?

మొన్న టోక్యో నుంచి ఒక జంట వచ్చింది. మన బోర్డు మీద ఆసా అనే అక్షరం చూసి ఫొటోలు దిగి, లోపలికొచ్చి గొంతు తగ్గించి, "అసలు సరుకు లోపలుంటుందా తాతా?" అన్నారు. ఉంటుందని చెప్పి గుడి గంటకి కట్టే తాడు తెచ్చి చూపించాను. ఇరవై కిలోలు. మోసుకుపొమ్మన్నాను.

మీ అన్నయ్య,
ఇసాము


ఒతారు, 2024 సెప్టెంబర్ 25

అన్నయ్యా,

ఇక్కడ పొద్దున్నే నోట్లోంచి ఆవిరి వస్తోంది. కొట్లో చలిపొయ్యి వెలిగించాను. పొయ్యి వెలిగిన గంటకి కుదో గారు వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. ఎనభై నాలుగేళ్ళ మనిషి, యాభై ఏళ్ళు స్క్విడ్ వేట పడవల మీద రాత్రిళ్ళు మేలుకుని ఇప్పుడు రాత్రి నిద్ర పట్టని మనిషి. ఒక కప్పు టీ తీసుకుని మూడు గంటలు కూర్చుంటారు. ఇలాంటి బేరాలు పదిమంది ఉన్నారు నాకు.

ఎవరి కోసం కూర్చున్నావని అడిగావు కదా, వీళ్ళ కోసం. నీ కొట్టుకి నీ తర్వాత దీపం పెట్టేవాళ్ళు లేరని నన్ను రమ్మంటున్నావు. ఆ మాట సూటిగా అనొచ్చుగా. నా కొట్టు తలనొప్పి, నీ కొట్టు వారసత్వమూనా? నీది నూట పదేళ్ళది, నాది పన్నెండేళ్ళది, అంతేగా తేడా.

చుక్కల గురించి భయపడకు. నువ్వు వాటిని మందు అనలేదు, మంచిది. మందు అనకూడదు. ఫలానా జబ్బుకి పనిచేస్తాయనీ అనకూడదు. కొనేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. వదిన చివరి రోజుల్లో నొప్పితో పడుకోలేకపోతుంటే ఒక సీసా పంపాననీ, ఆఖరి రెండు రాత్రులూ హాయిగా నిద్రపోయిందని మా అన్నయ్య చెప్పాడనీ. నిరుడు ఫిబ్రవరిలో నువ్వు స్టేషన్లో ఆ మాట చెప్పావు, నేను ఇంటికొచ్చి ఆ నెలలోనే అలమర చేయించాను. ఇప్పుడు కొట్టు నడిచేది సగం దాని మీదే. వదిన పుణ్యం.

పెద్ద కంపెనీలు సీసా సీసాకీ పరీక్ష కాగితం అంటించుకుంటున్నాయి. నాలాంటివాళ్ళకి ఒక్క పరీక్ష చేయించాలన్నా తల ప్రాణం తోకకొస్తుంది. అయినా కొట్లో ఉన్నవాటిలో ఒక సీసా తీసి సపోరోకి పంపాను. నెలలో ఫలితం వస్తుంది.

నీకో తమాషా చెప్పనా? మా ఊరి వెనక కొండ మీద ఆసా దానంతటదే మొలుస్తుంది. ప్రతి వేసవిలో ఆరోగ్య కేంద్రం వాళ్ళు చేతికి తొడుగులు వేసుకుని వచ్చి పీకి పారేస్తారు. నువ్వు చూస్తే గుండె పట్టుకుంటావు.

మోకాళ్ళు జాగ్రత్త.
ఫుమియే


కనుమా, 2024 అక్టోబర్ 8

చెల్లాయికి,

వారసత్వం కోసం రమ్మన్నానని ఎత్తిపొడిచావు. అది పదిలో మూడు వంతులే నిజం. మిగతా ఏడు వంతులు రాయడం నాకు చేతకాలేదు. పోనీలే.

ఇక్కడ నాకూ సెగ తగిలింది. ఉత్సునోమియాలో ఒక పెద్ద బట్టల కొట్టు మన నార తాళ్ళు ఇరవై ఏళ్ళుగా తీసుకుంటోంది. మొన్న మొత్తం తిప్పి పంపారు. సరుకు బాగుందట, చీటీ మీద ఆసా అనే పేరు మార్చమంటున్నారట. కొనేవాళ్ళు చట్టం చట్టం అని గుసగుసలాడుతున్నారట. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది వాళ్ళ వరస. పేరు మార్చనని చెప్పాను. నాన్న రాయించిన బోర్డు, నాన్న రాయించిన చీటీ.

నీ అలమర ఖాళీ అయితే బోసిగా ఉంటుందని, అరవై కట్టల ఆసా పుల్లలు పంపుతున్నాను. బోన్ పండుగకి ఇంటి ముందు మంట వెయ్యడానికి ప్రతి ఇంటికీ ఒక కట్ట కావాలి కదా. పది నెలల ముందు నుంచే పెడితే జనానికి అలవాటవుతుంది. వీటికి పరీక్షలూ అక్కర్లేదు, కాగితాలూ అక్కర్లేదు.

చలికి తల కప్పుకుని తిరుగు. నువ్వు చిన్నప్పటి నుంచీ టోపీ పెట్టుకోవు.

ఇసాము


ఒతారు, 2024 అక్టోబర్ 29

అన్నయ్యా,

ముందు చెడు కబురు. ఫలితం వచ్చింది. నూనెలో పది లక్షల పాళ్ళకి పది పాళ్ళ మత్తు పదార్థం దాకా ఉండొచ్చు. నా సీసాలో పదిహేడు ఉంది. ఎవరికీ మత్తెక్కదు, దానికి స్నానాల తొట్టెడు తాగాలి. కానీ డిసెంబర్ పన్నెండు తర్వాత అది గంజాయి నూనె కిందే లెక్క. అమ్మినదాన్ని నేనొక్కదాన్నే కాదు, ఇంట్లో పెట్టుకున్న ప్రతి ముసలాయనా ముసలావిడా నేరస్తులే.

కొట్టు పోతే పోయింది. కుదో గారిని ఈ వయసులో పోలీసులు పిలిచి అడిగితే నేనేం ముఖం పెట్టుకుని టీ పోస్తాను?

కంపెనీకి ఫోన్ చేశాను. ఒక కాగితం పంపారు. నా చేతి మీదుగా వెళ్ళిన ప్రతి సీసా ఏమైందో రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. తిరిగొచ్చినవి వాళ్ళు తీసుకెళ్ళి నాశనం చేస్తారు. నా పుస్తకంలో పేర్లన్నీ ఉన్నాయి. ఇళ్ళల్లో ఇంకా ఉన్నవి ముప్ఫై ఆరు. అందరూ నడిచి వెళ్ళగలిగే దూరంలోనే ఉన్నారు. రేపటి నుంచి మొదలుపెడతాను.

ముప్ఫై ఏడోది వదినకి పంపినది. మొట్టమొదటి సీసా అదే. చీటీ కూడా నా చేత్తో రాశాను. అందులో ఏమైనా మిగిలిందా అన్నయ్యా? మిగిలితే నువ్వు పారబొయ్యకు, నాకు పోస్టులోనూ పంపకు. ముందు చెప్పు, ఏం చెయ్యాలో కంపెనీని అడుగుతాను.

ఇక నీ అరవై కట్టలు వచ్చాయి. కుదో గారు చూసి పడీ పడీ నవ్వారు. అన్నయ్యా, హొక్కయిడోలో బోన్ మంట ఆసా పుల్లలతో వెయ్యరు. భూర్జ చెట్టు బెరడు కాలుస్తారు. నేనిక్కడికి కాపురానికొచ్చి నలభై మూడేళ్ళయింది, నీకు ఒక్కసారీ చెప్పలేదా? చెప్పే ఉంటాను, నువ్వు ఫోన్లో విని ఉండవు. చేపలు ఎండబెట్టే వాళ్ళు పొయ్యి రాజెయ్యడానికి అడుగుతున్నారు, ఇవ్వనా?

ఫుమియే


కనుమా, 2024 నవంబర్ 6

ఫుమియేకి,

మిగల్లేదు. ఎప్పుడో అయిపోయింది, సీసా పారేశాను.

పుల్లలు నీ ఇష్టం, చేపలకే వాడుకో.

ఇసాము


ఒతారు, 2024 నవంబర్ 24

అన్నయ్యా,

మూడు వాక్యాల ఉత్తరం రాశావు. బెరడు సంగతి చెప్పి నవ్వినందుకు కోపం వచ్చిందని అర్థమైంది. తప్పు నాదే. నాన్న కొట్టు పుల్లల్ని చేపల పొయ్యిలో పెడతానన్నాను. పెట్టలేదులే. అటక మీద పొడిగా ఉన్నాయి, అరవైకి అరవై.

ఇక్కడ మోకాలి దాకా మంచు. నాలుగు వారాలు తిరిగాను. ఒక ఇంట్లో సీసా ఇమ్మంటే ముందు కూర్చోబెట్టి సూప్ పోశారు. ఒకావిడ నేను దివాలా తీశాననుకుని, సీసాతో పాటు ఒక గోనె బంగాళాదుంపలు ఇచ్చింది. ఇంకో ఇంట్లో కొడుకు తలుపు తీసి, మా అమ్మకి ఇన్నాళ్ళూ గంజాయి పోశావా అని అరిచాడు. అతనికి చట్టమంతా వివరించి చెప్పాను. విన్నాడు కానీ నా ముఖం చూడలేదు. వాళ్ళమ్మ అతని వెనక నిలబడి నాకు చేతులు జోడించింది.

అందరికంటే సతాయించింది కుదో గారే. సీసా లేదన్నారు, పోయిందన్నారు, పిల్లి పడేసిందన్నారు. ఆయనకి పిల్లి లేదు. చివరికి నిన్న తనే కోటు లోపలి జేబులోంచి తీసి బల్ల మీద పెట్టారు. "ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే నాలుగు గంటలు పట్టేది నిద్ర. ఇంకెక్కడ తెచ్చుకోను?" అన్నారు. పెద్ద కంపెనీ వాళ్ళవి, పరీక్ష చేసినవి దొరుకుతాయని చెప్పాను. వాటి ధర విని టీ తాగకుండానే వెళ్ళిపోయారు. వంద సీసాలు ఒక్కసారి కొనే కొట్లకే తగ్గించి ఇస్తారట. నేను నెలకి అమ్మేది ఎనిమిది.

కాగితం పూర్తి చేశాను. ముప్ఫై ఆరు సీసాలు తిరిగొచ్చాయి. ముప్ఫై ఏడోది: "ఇంట్లోవారు వాడగా అయిపోయింది, ఖాళీ సీసా పారేశారు." దాని కింద నీ పేరు, నా సంతకం. పంపేశాను. ఆ రాత్రి నెల తర్వాత మొదటిసారి కంటినిండా నిద్రపోయాను. మా వాళ్ళలో ఒక్కరి మీదా మచ్చ లేదు.

అలమర ఖాళీ చేసి తుడిచాను. చెక్క మీద సీసాల అడుగున గుండ్రటి మరకలు పడ్డాయి, పోవడం లేదు.

కోపం పోతే నాలుగో వాక్యం రాయి.
ఫుమియే


కనుమా, 2024 డిసెంబర్ 3

చెల్లాయీ,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. కొట్లో కాదు, ఇంట్లో.

ఆ సీసా అయిపోలేదు. నేను పారెయ్యలేదు. మీ వదిన కినుయో పటం పక్కన, అగరబత్తి గిన్నె వెనక ఉంది. మూత తియ్యలేదు. మూత చుట్టూ నువ్వు అంటించిన కాగితం కూడా చిరగలేదు.

నువ్వు పంపిన పార్శిల్ మంచు తుఫానులో ఇరుక్కుంది. అది మన గుమ్మంలోకి వచ్చింది ఉదయం తొమ్మిదింటికి. కినుయో అస్థికలు నేను ఇంటికి తెచ్చుకున్నది ముందు రోజు సాయంత్రం. నీ విమానాలన్నీ ఆగిపోయి, చివరికి నువ్వు రైలు దిగింది ఆ మధ్యాహ్నం మూడింటికి. పార్శిల్ నీకంటే ఆరు గంటలు ముందొచ్చింది, అంతే.

ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టీ పెట్టగానే నువ్వడిగిన మొదటి మాట, "చుక్కలు అందాయా అన్నయ్యా?" అని. మూడు రోజులు స్టేషన్లలో పడుకుని వచ్చావు. నీ తల మీద టోపీ లేదు. అందలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అందాయన్నాను. నువ్వు నన్నలాగే చూస్తున్నావు. అందుకని ఇంకో మాట చేర్చాను, రెండు రాత్రులూ హాయిగా నిద్రపోయిందని.

నిద్రపోలేదు చెల్లాయీ. ఆ రెండు రాత్రులూ నా చెయ్యి పట్టుకుని, ఇంకా తెల్లారలేదా అని అడుగుతూనే ఉంది.

నువ్వున్న వారం రోజులూ సీసాని సొరుగులో దాచాను. నువ్వు వెళ్ళాక తీసి కినుయో ముందు పెట్టాను. మన ఇంట్లో ఏ కానుక వచ్చినా ముందు పెద్దలకి పెట్టి, తర్వాత దించుకుని మనం తింటాం కదా. ఇది దించలేకపోయాను. రోజూ దణ్ణం పెట్టి, "ఫుమియే పంపింది, వచ్చింది" అని చెబుతాను. దానికి తెలియాలి కదా నువ్వు పంపావని.

నువ్వు ఆ మాట మీద అలమర కట్టావని తెలిసిన రోజే చెప్పాల్సింది. నువ్వు సంతోషంగా రాశావు, ఊరుకున్నాను. కొత్త చట్టం వచ్చి సీసా అడిగావు, మళ్ళీ అబద్ధమాడాను. ఇప్పుడు నా అబద్ధం కింద నీ సంతకం ఉంది. అంతదాకా వస్తుందనుకోలేదు. నీ వాళ్ళలో ఒక్కరి మీదా మచ్చ లేదని రాశావు చూడు, ఆ వాక్యం దగ్గర ఉత్తరం కింద పెట్టేశాను.

పెరట్లో గొయ్యి తీసి పాతేద్దామనుకున్నాను. పార కూడా పట్టుకున్నాను. నీ చేతిరాత ఉన్న చీటీ అది, కినుయో ముందు పెట్టిన సీసా అది, దొంగసొత్తులా పాతడం నా వల్ల కాలేదు. ఎల్లుండి ఆరోగ్య కేంద్రం ఆఫీసుకి తీసుకెళ్ళి ఇచ్చేస్తాను. పన్నెండుకి ఇంకా వారం ఉంది. అడిగితే ఉన్నదున్నట్టు చెబుతాను. తప్పు నీది కాదని రాసిస్తాను. నీకు ఫోన్ వస్తే ఆశ్చర్యపోకు. కంపెనీకి కూడా నువ్వు వేరే కాగితం రాయాలి.

నిన్ను ఇక్కడికి రమ్మన్నదానిలో మిగతా ఏడు వంతులూ ఇదే. ఈ మాట ఎదురుగా చెబుదామనుకున్నాను.

మీ అన్నయ్య


కనుమా, 2025 జనవరి 9

చెల్లాయికి,

కొత్త సంవత్సరం వచ్చి తొమ్మిది రోజులైంది. నీ కార్డు రాలేదు. ఇంట్లో ఎవరైనా పోయి కార్డులు రాయకూడని ఏడాది తప్ప, నలభై మూడేళ్ళలో నీ కార్డు రాని సంవత్సరం ఇదే. పోస్టతను నా ముఖం చూసి, ఒతారు వైపు మంచు ఎక్కువగా ఉందట అన్నాడు. మంచివాడు.

ఆఫీసులో ఏమీ కాలేదు. అక్కడొక కుర్ర ఉద్యోగి ఫారం ఇచ్చాడు. వస్తువు ఎవరిది అన్నచోట కినుయో పేరు రాశాను. చనిపోయినవాళ్ళ పేరు రాయకూడదండీ అన్నాడు. మరి ఆవిడదే కదా అన్నాను. అతను సీసాని అటూ ఇటూ తిప్పి చూసి, దాదాపు రెండేళ్ళు ఎందుకు తెరవలేదని అడిగాడు. దేవుడి అరలో పెట్టామని చెప్పాను. ఆవిడ పేరు కొట్టేసి నా పేరు రాయమన్నాడు. సీసాని డబ్బాలో పెట్టేముందు రెండు చేతులతో పట్టుకున్నాడు.

అరలో ఆ చోటు ఖాళీగా ఉంది. రోజూ ఏం చెప్పాలో తెలియక గంట కొట్టి లేచిపోతున్నాను.

నువ్వు తిట్టినా సరే, రాయి.

ఇసాము


ఒతారు, 2025 జనవరి 20

అన్నయ్యా,

నీ మీద కోపం లేదని రాస్తే మన ఇంట్లో అది మూడో అబద్ధం అవుతుంది. కోపం ఉంది. కార్డు రాశాను, చింపాను, మళ్ళీ రాశాను, మళ్ళీ చింపాను.

నీ ఉత్తరం ఇంట్లోనే కూర్చుని చదివాను. తర్వాత పుస్తకం తీసుకుని మళ్ళీ అన్ని ఇళ్ళకీ వెళ్ళాను. సీసాల కోసం ఒకసారి, నిజం చెప్పడానికి ఒకసారి. మా వదిన నిద్రపోయిందని మీకు చెప్పాను, అది నిజం కాదు, నాకూ తెలియదు అని ప్రతి గుమ్మంలో చెప్పాను. బంగాళాదుంపలావిడ నాతో పాటు ఏడ్చింది. ఒకావిడ, అన్న అంటే అలాగే ఉండాలంది. నాకు ఆ మాట నచ్చలేదు. నిజం చెప్పే అన్న కూడా ఉండొచ్చు.

కుదో గారు మాత్రం విసుక్కున్నారు. "మీ వదిన సంగతి అబద్ధమైతే అవనీ. నా నాలుగు గంటల నిద్ర అబద్ధం కాదుగా. దానికేం చెబుతావు?" అన్నారు. ఇప్పుడు ఆయన తెల్లారకుండానే వచ్చి నా కొట్టు ముందు మంచు తీసేసి, నేను తలుపు తీసేదాకా మెట్టు మీద కూర్చుంటున్నారు. తాళం చెవి ఒకటి ఆయనకిచ్చేశాను. పొయ్యి ఆయనే వెలిగిస్తున్నారు.

కంపెనీకి వేరే కాగితం పంపాను. సరేనన్నారు, ఒక మాట అన్నారు, పడ్డాను. అదంతా అయిపోయింది.

ఇక అసలు సంగతి. నాకు బాధ నువ్వు అబద్ధం చెప్పినందుకు కాదు. వదిన నిద్రపోలేదని తెలిసినందుకు. రెండేళ్ళు నాకొక ఊరట ఉండేది. దాన్ని తలచుకుని పడుకునేదాన్ని. అది తీసేసుకున్నావు. తీసుకోక తప్పలేదు, తెలుసు. కానీ ఆ రెండేళ్ళూ నువ్వు దేన్ని తలచుకుని పడుకున్నావు? తెల్లారలేదా అని వదిన అడిగిన మాటనా? నాకు హాయిని పంచి, ఆ మాటని ఒక్కడివే దాచుకున్నావా? ఎంత మూర్ఖుడివి నువ్వు.

ఇక నుంచి ఆ రెండు రాత్రుల్లో ఒకటి నాది. పంచుకుందాం. వదిన ఏమేం అడిగిందో, నువ్వేం చెప్పావో, అన్నీ రాయి. పెద్ద ఉత్తరం రాయి.

కొట్టు కట్టెయ్యడం లేదు. నీ వేయించిన గింజలు పంపు, వాటితో ఏడు దినుసులు కలిపే కారప్పొడి కొడతాను. గింజలకి ఏ చట్టమూ అడ్డు లేదని ఈసారి ముందే అడిగి తెలుసుకున్నాను. సగం అలమర నిండుతుంది. మిగతా సగం ఖాళీగానే ఉండనీ.

టోపీ కొన్నాను.
ఫుమియే


కనుమా, 2025 జులై 18

చెల్లాయికి,

నువ్వు పంపిన భూర్జ బెరడు అందింది. కుదో గారు కొండ మీద స్వయంగా ఒలిచారని రాశావు. ఆయనకి నా నమస్కారాలు చెప్పు. ఎనభై ఐదేళ్ళకి చెట్టెక్కొద్దని కూడా చెప్పు.

ఈ బోన్ పండుగకి మన గుమ్మం ముందు ఆ బెరడే కాలుస్తాను. షోజో బావ ఒక్కసారైనా కనుమా వస్తానని ఎప్పుడూ అనేవాడు, చేపల సీజనని ఎప్పుడూ రాలేదు. ఆసా పొగ ఆయనకి తెలియదు. ఆయన ఊరి పొగ అయితే దారి గుర్తుపడతాడు. కొద్దిగా వెలిగించి చూశాను. నల్లటి పొగ లేచి పక్కింటివాళ్ళు బకెట్టుతో వచ్చారు. ఆసా కొట్లో దీన్నెందుకు కాలుస్తున్నావని అడిగారు. మా బావ హొక్కయిడో మనిషి అని చెప్పాను.

చీటీ మీద పేరు మార్చలేదు. ఆ బట్టల కొట్టు తిరిగి రాలేదు. రెండు గుళ్ళు కొత్తగా తాళ్ళు చెప్పాయి. చాలు.

నీకు ఒకే ఒక కట్ట పుల్లలు పంపుతున్నాను. అటక మీద అరవై ఉన్నాయని తెలుసు, అవి నిరుటివి. ఇది ఈ ఏటి కోతలో మొదటి కట్ట, తడి ఆరగానే కట్టాను. పండుగ వచ్చే నెల పదమూడున. దారిలో ఏ తుఫాను వచ్చినా అందాలని ఇరవై ఆరు రోజుల ముందే పోస్టు చేస్తున్నాను. పోస్టతను, ఇంత తొందరేమిటండీ, మూడు రోజుల్లో చేరుతుంది అన్నాడు. రసీదు తీసుకుని జేబులో పెట్టుకున్నాను.

ఇసాము


ఒతారు, 2025 ఆగస్టు 13

అన్నయ్యా,

చీకటి పడకముందే కొట్టు ముందు మట్టి మూకుడు పెట్టి నీ కట్ట విప్పాను. వీధంతా బెరడు పొగ నల్లగా లేస్తుంటే నాది ఒక్కటే తెల్లగా, సన్నగా లేచింది. పిల్లలు చూడ్డానికి మూగారు. ఇదేం కర్ర అని అడిగారు. కుదో గారు నేను నోరు తెరిచేలోపే, ఆసా, ఈవిడ పుట్టింటిది అని చెప్పారు. తర్వాత ఆయనే నాలుగు పుల్లలు విరిచి మంటలో వేశారు.

వదినకి ఈ ఊరు తెలియదు కదా. ఎప్పుడూ రాలేదు. కానీ ఆ వాసన తెలుసు, యాభై ఏళ్ళు ఆ కొట్లో బతికింది. అందుకని మంట ఆరిపోకుండా ఒక్కొక్క పుల్లే వేస్తూ కూర్చున్నాను. నువ్వు రాసిన ఆ పెద్ద ఉత్తరం ఒళ్ళో పెట్టుకున్నాను. నా వంతు రాత్రిలో వదిన అడిగినవన్నీ ఉన్నాయి అందులో. చదవలేదు, పట్టుకున్నాను అంతే.

పుల్లలు అయిపోవస్తుంటే మంటకి దణ్ణం పెట్టి చెప్పాను. వదినా, ఆనాడు నేను పంపింది ఆలస్యమైంది. అన్నయ్య ఈసారి వేళకి పంపాడు.

మీ చెల్లెలు,
ఫుమియే